తిరుగు డోలి

డోలి మీద మేం చాలా రాశాం. కవితలు రాశాం, కథలు రాశాం, పాటలు కట్టాం. పురిటి నొప్పులతో ఉన్న ఆడబిడ్డను డోలిలో మోసుకెళ్తున్న ఫొటో పత్రికల్లో పడని వానాకాలం లేదు. ఆ ఫొటో కింద కోపంగా నాలుగు వాక్యాలు రాసినవాళ్లలో మేమూ ఉన్నాం. అయితే ఆ ఫొటోల్లో డోలి ఎప్పుడూ కొండ దిగుతూనే ఉంటుంది. ఆసుపత్రిలో పని అయ్యాక అదే మనిషిని అదే డోలిలో కొండెక్కించి ఇంటికి తెచ్చే రోజున ఎవరూ ఫొటో తియ్యరు. మేమూ దాని గురించి రాయలేదు. ఆ తప్పు ఒప్పుకునే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం.

మా ఊరి పెద్దమ్మ ఒకామె కాఫీ పళ్లు కోసే రోజుల్లో మంచుకు తడిసిన వాలు మీద జారి పడింది. లేవలేకపోయింది. ఒక కాలు పొట్టిదైనట్టు, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. రెండు రోజులు ఇంట్లోనే ఆకు పసరు కట్టాం. మూడోనాడు డోలి కట్టి గెడ్డ దాటించి, జీపు ఎక్కించి, ఘాట్ రోడ్డు దించి పట్నం చేర్చాం. తొడ ఎముక తల కింద మెడ దగ్గర విరిగిందన్నారు. విరిగిన తల తీసేసి లోహపు కీలు పెట్టారు. పైసా తీసుకోలేదు. ఆపరేషన్ చేసిన డాక్టర్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు, వాళ్ల చేతులు చల్లగా ఉండాలి.

మా ఫిర్యాదు ఆ తర్వాత జరిగిన దాని మీద. ఏడో రోజున ఆమెను ఇంటికి పంపేశారు. ఒక మందుల సంచి, ఒక వాకరు, ఇంగ్లీషులో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితంలో బొమ్మలున్నాయి. ప్యాంటు వేసుకున్న మనిషి ఎత్తయిన మంచం మీంచి దిగుతున్నాడు, చేతుల కుర్చీలో కూర్చున్నాడు, కుర్చీలాంటి మరుగుదొడ్డి వాడుతున్నాడు, పట్టుకోడానికి కమ్మీ ఉన్న మెట్లు ఎక్కుతున్నాడు. ఆ మంచం గానీ, కుర్చీ గానీ, దొడ్డి గానీ, మెట్లు గానీ మా ఊళ్లో ఏ ఇంట్లోనూ లేవు. ఇంగ్లీషు చదివేవాడు ఒకడున్నాడు, వాడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. సెలవులకు వచ్చినప్పుడు చదివి చెప్పాలి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక కుర్ర ఫిజియోథెరపిస్టు వచ్చి ఆమెను రెండుసార్లు వరండాలో నడిపించాడు. మంచివాడే. కానీ ఆయన చూడాల్సిన మంచాలు ఇంకా వరసగా ఉన్నాయి. ఆమెకు తెలుగు కంటే కువి బాగా వచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పిన ప్రతిదానికీ ఆమె తలూపింది. పట్నంలో పెద్ద మనుషులు ఏం చెప్పినా మా వాళ్లు తలూపుతారు, దాన్ని అర్థమైందనుకుంటారు.

ఇంటికొచ్చాక ఆమె మూడు నెలలు కదల్లేదు. కొడుకు ఎత్తి కూర్చోబెట్టాడు, కోడలు అంబలి తాగించింది, మనవరాలు కాళ్లు పట్టింది. అందరూ ప్రేమగా చూసుకున్నారు. ఆ ప్రేమలోనే ఆమె తొడ చేతికర్రంత సన్నబడింది. వాకరు ఇంటి బయట వాలు మీద నిలవదు, రాళ్లలో దాని రబ్బరు కాళ్లు ఇరుక్కుపోతాయి. దాన్ని గోడకి తగిలించి మీద ఉల్లిపాయలు ఆరబెట్టారు. ఇప్పుడామె అడుగు అడుగుకీ పక్కకు ఒరిగిపోతూ గడప దాకా నడుస్తుంది. సంతకు వెళ్లి ఏడాది దాటింది. లెక్కల్లో మాత్రం ఆమె ఆపరేషన్ విజయవంతమే.

తుంటి మార్పిడిలో డాక్టరు కొత్త కీలు పెడతాడు. ఆ కీలును కదిపేది కండరాలు. ఆపరేషన్ కోసం వాటిలో కొన్నిటిని కోస్తారు, పక్కకు లాగుతారు. అసలే నొప్పితో అంతకుముందు నుంచే అవి నీరసించి ఉంటాయి. తుంటికి పక్కన ఉండే కండరం మనం ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము పడిపోకుండా పట్టుకుంటుంది. నడకలో ప్రతి అడుగూ ఒక క్షణం ఒంటికాలి మీద నిలబడటమే కదా. ఆ కండరం బలం పుంజుకోకపోతే ఎంత మంచి కీలు పెట్టినా మనిషి ఒరుగుతూనే నడుస్తాడు. మంచాన పడుకుంటే అది పుంజుకోదు, ఇంకా కరుగుతుంది. పైగా కదలని కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోతుంది. అందుకే ఈ రోజుల్లో ఏ ఆసుపత్రిలోనైనా వీలుంటే ఆపరేషన్ మర్నాడే నిలబెడతారు. అక్కడి నుంచి కనీసం మూడు నెలలు పని ఉంటుంది. ఆ పని పేరే ఫిజియోథెరపీ. ఆపరేషన్ చేసి దాన్ని వదిలేయడం విత్తనం చల్లి కలుపు తియ్యకుండా వెళ్లిపోవడం లాంటిది.

ఈ రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. పార్టీ మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది, మా నాలుక తిరిగేలోపు మళ్లీ మారుతుంది. పేరు ఏదైనా ఆ పథకం వల్ల మా వాళ్లు బతికారు, కాదనం. కానీ దాని నడక చూడండి. అది లెక్కపెట్టేది ఆపరేషన్‌ని. ఇంటికొచ్చిన మనిషి మూడో నెలలో గెడ్డ దాకా నడిచిందా లేదా అని రాసుకునే గడి ఏ ఫారంలోనూ మాకు కనబడలేదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పెట్టారు. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చారు. కూలి పోయిన ఇంటికి అది అన్నం పెట్టింది. అయితే ఆ డబ్బు విశ్రాంతికి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు విశ్రాంతి ఎంత కావాలో వ్యాయామం అంతకంటే ఎక్కువ కావాలి, దాన్ని దగ్గరుండి చేయించే మనిషి కావాలి. విశ్రాంతికి రోజుకింత అని లెక్క కట్టగలిగిన ప్రభుత్వానికి ఆ మనిషి జీతం లెక్క కట్టడం రాలేదు.

ముసలివాళ్లు జారి పడటం ఎక్కడైనా ఉంటుంది, దీన్ని ఆదివాసీల సమస్య అంటారేం అని మైదానపు మిత్రులు అడుగుతారు. సికిల్ సెల్ గురించి వాళ్లకు చెప్పాలి. మా కొండల్లో, భద్రాచలం చుట్టూ కోయ పల్లెల్లో, ఉట్నూరు గోండు గూడేల్లో ఈ జబ్బు తరాలుగా ఉంది. ఈ జబ్బులో ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలను మూసేస్తుంది. తొడ ఎముక తలకు రక్తం వచ్చేది అలాంటి సన్నని దారుల్లోనే. దారి మూసుకుపోతే ఆ ఎముక తల చచ్చిపోయి నలిగి చదునైపోతుంది. పట్నంలో అరవై దాటినవాళ్లకు వచ్చే తుంటి ఆపరేషన్ మాకు ఇరవైల్లో వస్తుంది. పెళ్లి కావాల్సిన కుర్రాడికి, చంటిబిడ్డ తల్లికి వస్తుంది.

మా వాళ్లలో ఒక కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. రెండేళ్లు మోకాలి నొప్పి అని తిరిగాడు. తుంటిలో నొప్పి మోకాలిలో తెలుస్తుందని ఎవరూ ఆలోచించలేదు, మోకాలికి ఆయింట్‌మెంటు రాసి పంపారు. చివరికి ఎక్స్‌రే తీస్తే రెండు తుంట్లూ పోయాయి. కుడిది మార్చారు. ఎడమది మార్చాలి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేస్తామంది. నలభై ఏళ్ల లోపు వాళ్లకు రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మంచిదే. ఈ కుర్రాడి దగ్గరా కార్డు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది, ఆ సర్టిఫికెట్ కోసమూ తిరుగుతున్నాడు. ఎముక తల చచ్చిన కాలికి రేపు పొద్దున ఏం చెయ్యాలో మాత్రం ఆ కార్డులో లేదు.

మేం ఈ మాట ఎత్తినచోటల్లా మూడు జవాబులు వింటున్నాం.

మొదటిది: మీ జనం చెప్పింది చెయ్యరు. ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఎన్నిసార్లు చెప్పారు? వరండాలో రెండుసార్లు నడిపించి, ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి, చెయ్యలేదంటారా? ఆపరేషన్ అయిన కొత్తలో తుంటిని తొంభై డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు, ఆ కాలిని లోపలికి తిప్పకూడదు. ఆపరేషన్ వెనక వైపు నుంచి చేసినప్పుడు ఇవి మరీ ముఖ్యం, లేకపోతే కీలు జారిపోవచ్చు. ఇప్పుడు మా ఇంటికి రండి. మేం నేల మీద కూర్చుని తింటాం. పొయ్యి నేల మీద ఉంటుంది. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేది, దానికి నీళ్లు లేకపోతే కొండ పక్కకు పోవాలి, అక్కడా గొంతుక్కూర్చోవాల్సిందే. ‘వంగొద్దు’ అన్న ఒక్క మాట పాటించాలంటే మా ఇల్లంతా మార్చాలి. ఆ మాట చెప్పినవాళ్లు మా ఇల్లు చూడలేదు.

రెండోది: ఆదివాసీలు గట్టివాళ్లు, వాళ్లే నడిచేస్తారు. ఇది పొగడ్తలా వినిపిస్తుంది కాబట్టి మా వాళ్లు కూడా కొందరు నవ్వి ఊరుకుంటారు. మేం ఊరుకోం. గట్టివాళ్లమని చెప్పి మత్తుమందు తగ్గిస్తారా? కండరానికి కులం తెగ తెలియవు. మాకు నొప్పి తక్కువ అనుకునే ఈ అలవాటు వల్లే ఆ కుర్రాడి మోకాలికి రెండేళ్లు ఆయింట్‌మెంటు రాశారు.

మూడోది: ఫోనులో వీడియో పంపుతాం, చూసి చెయ్యండి. సిగ్నల్ కోసం మేం ఎక్కే బండ దగ్గరికి తుంటి ఆపరేషన్ అయిన మనిషి ఎక్కగలిగితే ఇక ఫిజియోథెరపీతో పనేముంది?

మా వైపు మాటా చెప్పుకోవాలి, లేకపోతే ఈ రాత నిజాయితీగా ఉండదు. ‘కదిపితే అతుకు ఊడిపోద్ది’ అన్నది మా పెద్దలే. పెద్దమ్మను మూడు నెలలు మంచానికి అంటించింది ఆ మాటే. ఆ మాట తప్పుడు మాట కాదు. చెయ్యి విరిగితే, కాలి ఎముక విరిగితే వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి కదలకుండా ఉంచిన మా తాతల అనుభవంలోంచి వచ్చింది. విరిగిన ఎముక అతకాలంటే కదలకూడదు. అయితే పెద్దమ్మ తుంటిలో అతకాల్సిన ఎముక లేదు, దాన్ని తీసేసి లోహం పెట్టారు. పాత తెలివి కొత్త కీలుకు సరిపోదు. ఈ తేడాను మా భాషలో, మా పెద్దల గౌరవం పోకుండా, అరుగు మీద కూర్చుని చెప్పే మనిషి ఒక్కరు వచ్చి ఉంటే ఆ పెద్దలే ఆమెను లేపి నడిపించేవాళ్లు. మేం చదువుకున్నవాళ్లం, మేమైనా తెలుసుకుని చెప్పాం కాదు. పండక్కి వెళ్లి, ఆమె మంచం పక్కన కూర్చుని ‘విశ్రాంతి తీసుకో పెద్దమ్మా’ అని వచ్చాం.

కుర్రాడి విషయంలో అలా జరగనివ్వలేదు. మా తెగ ఆడపిల్ల ఒకామె ఫిజియోథెరపీ చదివి మైదానంలో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు ఆ ఊరొచ్చి ఉంది. ఆమె మొదట కాలు చూడలేదు. ఇల్లు చూసింది. పడుకునే మంచం కాళ్ల కింద రాళ్లు పెట్టించి మోకాలి పైకి ఎత్తు లేపించింది. ఊరి వడ్రంగి చేత పనస చెక్క కుర్చీకి మధ్యలో కంత కొట్టించి, కింద బకెట్టు పెట్టించి దొడ్డి కుర్చీ చేయించింది. అన్నం తినడానికి అరుగు మీద కాళ్లు కిందకు వేసి కూర్చోమంది. వాకరు ఇంటి లోపలికి మాత్రమే, బయట వాలుకి కర్ర అంది. ఆ కర్ర అతను కుడి చేత్తో పట్టుకున్నాడు, కోసిన కాలు వైపు. అందరూ చేసే పొరపాటే. కర్ర ఎడమ చేతికి మార్చింది. అడుగు వేసినప్పుడు కర్రా కోసిన కాలూ కలిసి ముందుకు రావాలి, అప్పుడే ఆ తుంటి మీద బరువు తగ్గుతుంది.

వ్యాయామాలు ఏమంత వింతవి కావు. పడుకుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించాలి. మోకాలి కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టి దాన్ని మోకాలితో నేలకు అదమాలి. పిర్రలు బిగించి వదలాలి. మడమను మంచం మీద జరుపుతూ మోకాలు కొంచెం వంచి చాపాలి. కొన్నాళ్లకు గుంజ పట్టుకుని నిలబడి కోసిన కాలిని పక్కకు ఎత్తాలి. ఒరిగే నడకను సరిచేసేది ఈ చివరిదే. ఒక్కోటీ పదిసార్లు, పూటకోసారి, మూడు పూటలు. లెక్కపెట్టే పని ఇద్దరు గుంటలకు అప్పజెప్పింది. వాళ్లు తొమ్మిది దగ్గర ఆపి ఏడిపించేవాళ్లు, అతను తిట్టి పదోది చేసేవాడు. కొండ ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కోసిన కాలు ముందు అని చెప్పి, తాను ముందు నడిచి చూపించింది.

సికిల్ సెల్ ఉన్నవాడు కాబట్టి ఇంకొన్ని చెప్పింది. నీళ్లు బాగా తాగుతూ చెయ్యాలి. తెల్లవారి చలిలో చెయ్యొద్దు, ఎండ వచ్చాక మొదలుపెట్టాలి. ఒళ్లు నొప్పులు మొదలైతే ఆ పూట ఆపాలి. పిక్క వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే డోలి కట్టాలి. ఇందులో ఒక్క మాటా ఆ ఇంగ్లీషు కాగితంలో లేదు. పక్కింటి ముసలమ్మ ఇదంతా చూస్తూ, ‘మగ డాక్టరైతే నేను తొడ ముట్టనిచ్చేదాన్ని కాను గానీ, నువ్వొస్తే నాకూ చూడమ్మా’ అంది. ఆడవాళ్లు ఈ వైద్యానికి ఎందుకు పోరో ఆ ఒక్క మాటలో ఉంది.

నాలుగు నెలలకు ఆ కుర్రాడు కర్రతో సంతకు నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగి కూర్చున్నాడు. పరిగెత్తాడని, ధింసా ఆడాడని రాస్తే కథ బాగుంటుంది గానీ, ఇంకో తుంటి పోయి ఉన్నవాడు అంతకంటే ఎక్కువ చెయ్యలేడు. దీన్ని చూపించి ‘చూశారా, మీలో మీరే చేసుకోగలరు’ అంటారని మాకు భయం. ఒక ఆడపిల్ల తన పండగ సెలవులు వదులుకుని చేసిన పని ప్రభుత్వం పని కాకుండా పోదు. ఆమెకు ఊళ్లో అమ్మానాన్నలున్నారు, వాళ్లను ఆ ఏడు చూడకుండానే వెనక్కి పోయింది.

ప్రభుత్వం కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 80,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది వాళ్ల కొలతే. మైదానం కంటే మాకు తక్కువ జనాభాకే పెట్టారంటే మా దూరాలు వాళ్లకు తెలుసన్నమాట. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్య జాతీయ కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రంలో పునరావాస కార్యకర్త ఉండాలనీ, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లాలనీ రాసుకుంది. 2021లో ఫిజియోథెరపిస్టులతో సహా అనుబంధ వైద్య వృత్తులన్నిటికీ పార్లమెంటు చట్టం చేసింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, వాటికి ఫిజియోథెరపీ చేసేవాళ్లు వచ్చి పోతుంటారు. అదే మండలంలో తుంటి మార్చిన తల్లిని చూడటానికి మాత్రం మనిషి ఉండడు. బైకు అంబులెన్సు వెళ్లగలిగిన దారిలో ఫిజియోథెరపిస్టు బైకు వెళ్లలేదా?

మేం అడుగుతున్నది ఇది. ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషికి తుంటి, మోకాలు, వెన్ను ఆపరేషన్ చేస్తే ఆ ప్యాకేజీలోనే మూడు నెలల ఇంటి ఫిజియోథెరపీ కలపాలి. అది జరిగిందని సంతకం పెట్టాకే ఆసుపత్రికి పూర్తి డబ్బు ఇవ్వాలి. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు ఫిజియోథెరపిస్టులు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. ఊళ్లోని ఆశ కార్యకర్తకు ఈ వ్యాయామాలు నేర్పి, దానికి వేరే డబ్బు ఇవ్వాలి, ఉన్న పనుల మీద ఊరికే రుద్దొద్దు. కువిలో, ఆదివాసీ ఒడియాలో, కోయలో, గోండీలో మాటలు, నేల ఇంటి బొమ్మలతో కాగితాలు వెయ్యాలి. ఆ మాటలు రాసిపెట్టే పని మేం చేస్తాం, డబ్బు అడగం. ఇంటికి పంపేటప్పుడు వాకరుతో పాటు దొడ్డి కుర్చీ ఇవ్వాలి. ఫిజియోథెరపీ చదివే మా పిల్లలకు ఫీజు కట్టి, చదువు అయ్యాక ఇక్కడే ఉద్యోగం ఇవ్వాలి.

కుర్రాడి ఎడమ తుంటికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు, కాఫీ కోతలయ్యాక. ఆ తర్వాత ఇంటికి ఎవరొస్తారని అతను ఆసుపత్రిలో అడిగితే కౌంటరులో అమ్మాయి కంప్యూటరు చూసి అలాంటిదేమీ లేదంది. వచ్చే గ్రీవెన్స్ రోజున ఐటీడీఏకు అర్జీ పట్టుకుని వెళ్తున్నాం. మాతో అతనూ వస్తానన్నాడు. పెద్దమ్మ కూడా వస్తానంది. జీపు ఎక్కే చోటి దాకా ఆమెకు డోలి కట్టాలి, తిరిగొచ్చేటప్పుడూ కట్టాలి. ఈసారి ఆ రెండో ఫొటో మేం తీస్తాం.